ఐటీ కారిడార్‌లో గంజాయి.. చట్టం ఏం చెబుతోంది? జనం ఏమనుకుంటున్నారు?

మాదాపూర్: సైబరాబాద్ పరిధిలో గంజాయి పట్టుబడిందన్న వార్త లేని వారం అరుదుగా మారింది. ఒకరోజు మూటలకొద్దీ సరకుతో వెళ్తున్న వాహనం బాహ్యవలయ రహదారిపై పట్టుబడితే, మరో రోజు వసతిగృహం గదిలో చిన్న పొట్లాలతో విద్యార్థులు దొరికిపోతున్నారు. ఈ రెండు వార్తలనూ పాఠకులు ఒకే దృష్టితో చదువుతున్నారు. చట్టం మాత్రం ఈ రెండింటినీ వేర్వేరుగా చూస్తుంది. ఏది ఎంత నేరం, దేనికి ఎంత శిక్ష, ఎక్కడ చికిత్సకు వీలుంది అన్న విషయాలు కుర్రకారుకే కాదు, వారిని కన్నవారికీ తెలియడం లేదు. ‘కొంచెం ఉంటే కేసు కాదు’, ‘తాగితే తప్పు లేదు, అమ్మితేనే తప్పు’ వంటి అపోహలు వసతిగృహాల్లో బలంగా పాతుకుపోయాయి. ఈ నేపథ్యంలో గంజాయిపై చట్టం, దాని చరిత్ర, సమాజంలో నెలకొన్న భిన్నాభిప్రాయాలపై సమగ్ర కథనమిది.

రాళ్లగుట్టల నడుమ సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయీ ప్రారంభించిన నాటి నుంచి ఈ ప్రాంత రూపురేఖలు మారిపోయాయి. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, మణికొండల్లో జిల్లాల నుంచి వచ్చిన యువతీయువకులు లక్షల సంఖ్యలో నివసిస్తున్నారు. ఊళ్లో అమ్మానాన్నల కళ్లెదుట పెరిగిన పిల్లలు ఇక్కడ నలుగురైదుగురు కలిసి ఒక గదిలో ఉంటూ శిక్షణ సంస్థలకు, కొలువులకు వెళ్తుంటారు. చేతిలో డబ్బు, చుట్టూ కొత్త స్నేహాలు, పనివేళల ఒత్తిడి, అడిగేవారు లేకపోవడం.. ఈ నాలుగూ కలిసిన చోటే గంజాయి విక్రేతలు మాటు వేస్తున్నారు.

మూడు తూకాలు.. మూడు శిక్షలు

గంజాయి కేసులన్నీ నమోదయ్యేది ఎన్‌డీపీఎస్ చట్టంగా వాడుకలో ఉన్న మాదకద్రవ్యాలు, మనోత్తేజక పదార్థాల చట్టం కింద. ఇది 1985 నవంబరు 14 నుంచి దేశమంతటా అమల్లో ఉంది. ఈ చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం గంజాయిని పండించడం, కలిగి ఉండడం, అమ్మడం, కొనడం, రవాణా చేయడం, నిల్వ ఉంచడం, వాడడం.. అన్నీ నిషిద్ధమే. వైద్య, శాస్త్రీయ అవసరాలకు ప్రభుత్వ అనుమతితో జరిగే పనులకు మాత్రమే మినహాయింపు ఉంది.

చట్టం వచ్చిన తొలినాళ్లలో కొద్దిపాటి సరకుతో దొరికినవారికీ, లారీ నిండా తరలించినవారికీ శిక్షలో తగినంత తేడా ఉండేది కాదు. దీనిపై విమర్శలు రావడంతో 2001లో చట్టాన్ని సవరించారు. పట్టుబడిన పరిమాణాన్ని బట్టి శిక్ష నిర్ణయించే విధానం ఆ ఏడాది అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చింది. గంజాయి విషయంలో కిలో లోపు స్వల్ప పరిమాణంగా, 20 కిలోలకు మించితే వాణిజ్య పరిమాణంగా పరిగణిస్తారు. ఈ రెంటికీ నడుమ ఉన్నది మధ్యస్థ పరిమాణం.

స్వల్ప పరిమాణానికి ఏడాది వరకు కఠిన కారాగార శిక్ష లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. 2014 వరకు ఈ శిక్ష గరిష్ఠంగా ఆరు నెలలే ఉండేది. మధ్యస్థ పరిమాణానికి పదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. వాణిజ్య పరిమాణమైతే పదేళ్లకు తగ్గకుండా 20 ఏళ్ల వరకు కఠిన కారాగారం, లక్షకు తగ్గకుండా రెండు లక్షల వరకు జరిమానా తప్పవు. గంజాయి మొక్కలు పెంచితే పదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తారు.

ఇక్కడ గమనించాల్సిన అంశం ఒకటుంది. ‘స్వల్ప పరిమాణం’ అంటే చట్టం అనుమతించిన పరిమాణమని చాలామంది పొరబడుతున్నారు. అది శిక్ష తగ్గడానికి పెట్టిన హద్దే తప్ప, జేబులో పెట్టుకోవడానికి ఇచ్చిన అనుమతి కాదు. పది గ్రాములున్నా నేరమే. చేతిలో సరకు లేకపోయినా సేవించడమే వేరుగా నేరం. 27వ సెక్షన్ ప్రకారం గంజాయి సేవిస్తే ఆరు నెలల వరకు జైలు లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి.

హాష్ ఆయిల్‌తో అసలు చిక్కు

ఐటీ కారిడార్‌లో ఇటీవలి సంవత్సరాల్లో ఎండు గంజాయితో పాటు హాష్ ఆయిల్ వాడకం పెరిగింది. గంజాయి నుంచి తీసే ఈ చిక్కటి ద్రవాన్ని చిన్న సీసాల్లో నింపి అమ్ముతున్నారు. వాసన తక్కువ, దాచడం తేలిక కావడంతో యువత దీనివైపు మొగ్గుతోంది. అయితే చట్టం దృష్టిలో ఇది గంజాయి కాదు, చరస్ కోవలోకి వస్తుంది. చరస్‌కు స్వల్ప పరిమాణం 100 గ్రాములే. కిలో దాటితే వాణిజ్య పరిమాణమే. అంటే 20 కిలోలకు మించి గంజాయి తరలించినవారికి పడే శిక్ష కిలోకు మించిన ఆయిల్‌తో దొరికినవారికీ వర్తిస్తుంది. ‘గంజాయిలాగే కదా’ అనుకుని స్నేహితుల కోసం పదిపదిహేను సీసాలు తెచ్చిన యువకుడు పదేళ్ల శిక్ష పడే సెక్షన్‌లో చిక్కుకునే ప్రమాదం ఉంది.

గంజాయి కలిపిన చాక్లెట్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మాదకద్రవ్యంలో వేరే పదార్థం కలిపితే మొత్తం మిశ్రమం బరువునే లెక్కలోకి తీసుకోవాలని 2020 ఏప్రిల్‌లో హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం స్పష్టం చేసింది. పిల్లలకు మత్తుపదార్థం ఇచ్చినా, వారి చేత అమ్మించినా బాలల న్యాయ చట్టం-2015 కింద ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అదనం.

ఆకు వేరు.. పూత వేరు

చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాపు ఉన్న కొసలు. పూత లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఈ నిర్వచనంలోకి రావు. అందుకే ఆకులతో చేసే భంగు ఎన్‌డీపీఎస్ చట్టం పరిధికి వెలుపల ఉండి, రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల కిందకు వస్తోంది. ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో ప్రభుత్వ అనుమతితోనే భంగు దుకాణాలు నడుస్తున్నాయి. అక్కడ అనుమతి ఉందని ఇక్కడికి తెచ్చుకుంటే చెల్లదన్నది గుర్తెరగాలి.

పీచు, గింజల కోసం పెంచే జనపజాతి రకాలకూ చట్టంలో చోటుంది. 14వ సెక్షన్ కింద పారిశ్రామిక అవసరాలకు సాగును ప్రభుత్వం అనుమతించవచ్చు. మత్తు కలిగించే పదార్థం 0.3 శాతానికి మించని రకాల సాగుకు ఉత్తరాఖండ్ అనుమతులు ఇచ్చింది. ఈ గింజలను, వాటి నూనెను ఆహారపదార్థాలుగా గుర్తిస్తూ జాతీయ ఆహార భద్రత సంస్థ 2021 నవంబరులో నిబంధనలు విడుదల చేసింది. అంగళ్లలో ‘హెంప్’ పేరిట దొరికే గింజల నూనెకూ, పొట్లాల్లో దొరికే గంజాయికీ ఉన్న తేడా ఇదే.

పన్ను కట్టించుకున్న సర్కారే..

గంజాయిపై నిషేధం అనాదిగా ఉన్నది కాదు. ఆంగ్లేయుల కాలంలో ప్రభుత్వమే సాగుకు, అమ్మకానికి అనుమతులిచ్చి పన్ను వసూలు చేసేది. దీనివల్ల జనం ఆరోగ్యం, నడవడి దెబ్బతింటున్నాయన్న ఆరోపణలు లండన్ పార్లమెంటు దాకా వెళ్లడంతో 1893లో ఒక విచారణ సంఘాన్ని నియమించారు. ఆ సంఘం దేశమంతా తిరిగి, వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి 1894లో నివేదిక ఇచ్చింది. మితంగా వాడేవారిలో చెప్పుకోదగ్గ కీడు కనిపించలేదని, అతిగా వాడితే హాని తప్పదని తేల్చింది. పూర్తి నిషేధం అవసరం లేదని, పన్నులు, అనుమతుల ద్వారా అదుపు చేయాలని సూచించింది.

స్వాతంత్ర్యానంతరం పరిస్థితి మారింది. 1961లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో కుదిరిన మాదకద్రవ్యాల ఒప్పందం గంజాయిని నల్లమందుతో పాటు కఠిన నియంత్రణ జాబితాలో చేర్చింది. సంప్రదాయ వాడకం ఉన్న దేశాలకు దానిని మాన్పించడానికి పాతికేళ్ల గడువు ఇచ్చింది. ఒప్పందంలో భాగస్వామి అయిన భారత్ ఆ గడువు తీరేలోపు, రాజీవ్‌గాంధీ ప్రధానిగా ఉన్న 1985లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని తెచ్చింది. అప్పటివరకు అమల్లో ఉన్న 1857, 1878 నాటి నల్లమందు చట్టాలు, 1930 నాటి ప్రమాదకర ఔషధాల చట్టం దీంతో రద్దయ్యాయి.

2020 డిసెంబరు 2న మరో మలుపు చోటుచేసుకుంది. అత్యంత ప్రమాదకర పదార్థాల జాబితా నుంచి గంజాయిని తొలగించే ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల సంఘంలో ఓటింగ్ జరిగింది. 27 దేశాలు అనుకూలంగా, 25 వ్యతిరేకంగా ఓటు వేశాయి. అనుకూలంగా ఓటేసిన దేశాల్లో భారత్ కూడా ఉండడం గమనార్హం. అయితే వైద్య ప్రయోజనాలకు గుర్తింపునిచ్చే ఈ మార్పు వల్ల దేశీయ చట్టంలో ఒక్క అక్షరమూ మారలేదు.

మన్యం నుంచి మాదాపూర్‌కు

హైదరాబాద్‌కు చేరే గంజాయిలో అధికభాగం ఆంధ్ర-ఒడిశా సరిహద్దు నుంచే వస్తోంది. ప్రస్తుత అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, గూడెంకొత్తవీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాలు, అటువైపు ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ జిల్లాలు చాలాకాలం సాగు కేంద్రాలుగా నిలిచాయి. దారులు లేని కొండవాలులు, మావోయిస్టుల ఉనికి, సాధారణ పంటలకు గిట్టుబాటు లేకపోవడం, పెట్టుబడి పెట్టి మరీ సరకు కొనుక్కుపోయే బయటి వ్యాపారులు.. ఇవన్నీ సాగుకు ఊతమిచ్చాయి. ‘శీలావతి’ అనే రకానికి దేశంలోని ఇతర ప్రాంతాల్లోనూ గిరాకీ ఏర్పడింది.

ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021 అక్టోబరు చివర ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట సాగుపై దాడులు ప్రారంభించి సుమారు 7,500 ఎకరాల్లో మొక్కలను నరికించారు. వివిధ కేసుల్లో పట్టుబడిన రెండు లక్షల కిలోల గంజాయిని 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి సమీపంలోని కోడూరు వద్ద తగులబెట్టారు. గిరిజన రైతులను కాఫీ, మిరియాలు వంటి పంటల వైపు మళ్లించే ప్రయత్నాలు సాగుతున్నాయి. 2024 నవంబరులో ఆ రాష్ట్రం ‘ఈగల్’ పేరిట ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పింది.

సరకు నర్సీపట్నం, రాజమహేంద్రవరం మీదుగా కొంత, భద్రాచలం, ఖమ్మం మీదుగా కొంత హైదరాబాద్‌కు చేరుతుంది. లారీల్లో రహస్య అరలు, కూరగాయల బస్తాలు, రైలు బోగీలు, ద్విచక్ర వాహనాలు.. దేనినీ వదలడం లేదు. ఇక్కడి నుంచి మహారాష్ట్ర, కర్ణాటకలకూ వెళ్తుంది. నగరంలో ధూల్‌పేట పేరు ఒకప్పుడు గుడుంబాకు, ఆ తర్వాత గంజాయికి పర్యాయపదంగా మారింది. 2024లో ఎక్సైజ్ శాఖ ‘ఆపరేషన్ ధూల్‌పేట’ పేరిట అక్కడ ముమ్మర దాడులు జరిపింది.

ఈ గొలుసులో అందరికంటే ముందు దొరికేవారు కూలికి మోసేవారే. కొద్దిపాటి కూలి కోసం మూట ఎత్తుకున్న గిరిజన యువకుడు, పెట్రోలు ఖర్చులకని బండి నడిపిన విద్యార్థి 20 కిలోల గీత దాటగానే పదేళ్ల శిక్షకు ఎదురుగా నిలబడుతున్నారు. పెట్టుబడిదారులకు, ఆశ్రయమిచ్చేవారికి కూడా 27-ఎ సెక్షన్ కింద పది నుంచి 20 ఏళ్ల శిక్ష ఉంది. కానీ వారి వరకు దర్యాప్తు చేరినప్పుడే ఆ సెక్షన్‌కు సార్థకత.

తెలంగాణలోనూ కొన్నిచోట్ల పత్తి, కంది చేలల్లో అంతరపంటగా గంజాయి మొక్కలు బయటపడిన ఉదంతాలున్నాయి. గంజాయి పండిస్తే రైతుబంధు నిలిపివేస్తామని 2021లో అప్పటి ప్రభుత్వం హెచ్చరించింది. తన భూమిలో అక్రమ సాగు జరుగుతోందని తెలిసిన యజమాని వెంటనే అధికారులకు తెలియజేయాలని 46వ సెక్షన్, గ్రామంలో సాగు సంగతి తెలిసీ చెప్పని సర్పంచి, గ్రామాధికారులు శిక్షార్హులని 47వ సెక్షన్ చెబుతున్నాయి. కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్న భూయజమానులు ఈ నిబంధనను తెలుసుకోవడం మంచిది.

పోలీసు వ్యవస్థలో మార్పులు

తెలంగాణలో 2021 అక్టోబరులో నాటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు గంజాయిపై ఉన్నతస్థాయి సమీక్ష జరిపి ఉక్కుపాదం మోపాలని ఆదేశించారు. 2022 ఫిబ్రవరిలో హైదరాబాద్ నగర పోలీసు విభాగంలో ‘హెచ్-న్యూ’ ఏర్పాటైంది. 2023 మే 31న రాష్ట్రస్థాయిలో యాంటీ నార్కోటిక్స్ బ్యూరో ప్రారంభమైంది. 2025 జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం సందర్భంగా ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఈ బ్యూరోకు ‘ఈగల్’ అని పేరు మార్చారు. తరచూ పట్టుబడే విక్రేతలపై 1986 నాటి పీడీ చట్టం ప్రయోగించి ఏడాది వరకు నిర్బంధించే అధికారమూ ప్రభుత్వానికి ఉంది.

సోదాల వేళ పౌరుల హక్కులు

ఎన్‌డీపీఎస్ చట్టం ఎంత కఠినమో, సోదాల పద్ధతిపై అంత పట్టింపు కలది. ఒంటిపై సోదా చేయబోయే ముందు, దగ్గరలోని గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షంలో సోదా కోరే హక్కు ఉందని ఆ వ్యక్తికి తెలియజేయాలని 50వ సెక్షన్ నిర్దేశిస్తోంది. ఈ సంగతి చెప్పడం తప్పనిసరి అని 1999లో బల్‌దేవ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పునిచ్చింది. మహిళలను మహిళలే సోదా చేయాలి. అయితే చేతిసంచి, పెట్టె వంటివాటి సోదాకు ఈ సెక్షన్ వర్తించదని 2005లో పవన్‌కుమార్ కేసులో తేల్చింది. ఈ చట్టం కింద అధికారుల ఎదుట ఇచ్చే నేరాంగీకార వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదని 2020 అక్టోబరులో తూఫాన్‌సింగ్ కేసులో స్పష్టం చేసింది.

2021 అక్టోబరులో హైదరాబాద్‌లో దారిన పోయేవారిని ఆపి, వారి ఫోన్లలో ‘గంజాయి’ అన్న మాట కోసం సందేశాలు వెతికిన వీడియోలు బయటకు రావడం తీవ్ర చర్చకు దారితీసింది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత ఇలాంటి తనిఖీ ఎలా చెల్లుతుందని పౌరహక్కుల వాదులు ప్రశ్నించారు. నేరం అదుపు కావాలంటే తనిఖీలు తప్పవన్నవారూ లేకపోలేదు.

బెయిలు, కొలువు, వీసా

వాణిజ్య పరిమాణం కేసుల్లో బెయిలు దొరకడం గగనమే. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయని, బయటకు వస్తే మళ్లీ నేరం చేయడని న్యాయస్థానం సంతృప్తి చెందితేనే బెయిలివ్వాలని 37వ సెక్షన్ షరతు విధిస్తోంది. ఇలాంటి కేసుల్లో దర్యాప్తునకు 180 రోజుల గడువుంది. సరకు స్వాధీనంలో ఉన్నట్లు రుజువైతే అది ఎలా వచ్చిందో వివరించుకోవాల్సిన భారం చాలావరకు నిందితుడిదే. కుట్ర, ప్రోత్సాహం రుజువైనా అసలు నేరానికి ఉన్న శిక్షే పడుతుంది. తెలిసీ తన ఇంటిని, గదిని, వాహనాన్ని ఈ నేరానికి వాడుకోనిచ్చిన యజమానులూ 25వ సెక్షన్ కింద శిక్షార్హులే. వసతిగృహాల నిర్వాహకులు ఈ సెక్షన్‌ను దృష్టిలో ఉంచుకోవాలి.

శిక్ష పడకముందే పడే దెబ్బ మరొకటి ఉంది. క్రిమినల్ కేసు విచారణలో ఉండగా పాస్‌పోర్టు నిరాకరించే అధికారం పాస్‌పోర్టుల చట్టం ఇస్తోంది. కోర్టు అనుమతి తెచ్చుకుంటేనే కదలిక. నియామకాల్లో పూర్వాపరాల పరిశీలన తప్పనిసరి చేసిన సంస్థల్లో కేసు సంగతి దాచడం కష్టం. అమెరికా వెళ్లాలనుకునే తెలుగు యువత మరింత అప్రమత్తంగా ఉండాలి. అక్కడ కొలరాడో, వాషింగ్టన్ 2012లోనే ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా గంజాయికి అనుమతిచ్చాయి. తర్వాత మరెన్నో రాష్ట్రాలు అదే బాట పట్టాయి. కానీ వీసాలు, వలసలు సమాఖ్య ప్రభుత్వ పరిధిలోనివి. సమాఖ్య చట్టంలో గంజాయి నియంత్రిత పదార్థమే. అక్కడి రాష్ట్రం అనుమతించింది కదా అని సేవించిన విదేశీయుడు వీసా చిక్కుల్లో పడవచ్చు. ఇక్కడి శిక్ష అక్కడి ప్రవేశానికి అడ్డుగా నిలవవచ్చు.

జనం మాట

తెలుగువారి నానుడిలోనే గంజాయిపై తీర్పు ఉంది. చెడ్డవారి నడుమ మంచివారుంటే ‘గంజాయి వనంలో తులసి మొక్క’ అంటారు. తులసికి ఎదురుగా నిలిపిన మొక్క ఇదే. మధ్యతరగతి కుటుంబాల్లో మద్యం తాగే కొడుకును మందలించి ఊరుకునే తండ్రి, గంజాయి అనగానే తలెత్తుకోలేకపోతాడు. అదే సమాజం పుణ్యక్షేత్రాల వద్ద సాధువుల చేతిలో చిలుమును చూసీచూడనట్లు వదిలేస్తుంది. హోలీనాడు భంగు తాగే ఆచారం ఉన్న కుటుంబాలను ఎవరూ నేరస్థులుగా చూడరు.

ఐటీ ఉద్యోగుల్లో ఒక వర్గం వాదన వేరు. ఏటా వేలకోట్ల ఆదాయం కోసం ప్రభుత్వమే మద్యం దుకాణాలకు అనుమతులిస్తూ, గంజాయి సేవించినవారిని జైలుకు పంపడం ఏం న్యాయమని వారు ప్రశ్నిస్తున్నారు. ఈ వాదన పార్లమెంటులోనూ వినిపించింది. ఒడిశాకు చెందిన అప్పటి ఎంపీ తథాగత శతపథి 2015లో గంజాయి నిషేధాన్ని బహిరంగంగా తప్పుబట్టారు. పటియాలా ఎంపీగా ఉన్న వైద్యుడు ధరమ్‌వీర్ గాంధీ 2016లో చట్ట సవరణకు ప్రైవేటు బిల్లు ప్రతిపాదించారు. కఠిన మత్తుపదార్థాల వైపు యువత మళ్లకుండా ఉండాలంటే సంప్రదాయ మత్తుపై ఆంక్షలు సడలించాలన్నది ఆయన వాదన. అది చట్టరూపం దాల్చలేదు.

వ్యతిరేకించేవారి వాదనా తీసిపారేయదగినది కాదు. మద్యంతోనే కుటుంబాలు కూలుతుంటే మరో మత్తుకు తలుపులు తెరవడమేమిటని తల్లులు అడుగుతున్నారు. నేటి గంజాయి, హాష్ ఆయిల్ తీవ్రత 1894 నాటి నివేదిక చూసిన దానితో పోల్చదగినది కాదని వైద్యులు గుర్తుచేస్తున్నారు. కౌమారంలో మొదలుపెడితే చదువు, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయని, మానసిక వ్యాధుల ముప్పు ఉన్నవారిలో భ్రమలు, అనుమానాలు తలెత్తే అవకాశం పెరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. సేవించినవారిలో పదిమందికి ఒకరు దానికి బానిసవుతారని, టీనేజీలో మొదలుపెట్టినవారిలో ఈ సంఖ్య ఆరుగురికి ఒకరని వైద్యశాస్త్ర అంచనా. మత్తులో వాహనం నడిపితే స్పందించే వేగం తగ్గుతుంది.

దేశంలో వాడకంపై కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ తరఫున ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వెలువడింది. 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో 2.8 శాతం, అంటే సుమారు 3.1 కోట్ల మంది అంతకు ముందు ఏడాది కాలంలో భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడారు. వీరిలో చట్టం నిషేధించిన గంజాయి, చరస్ వాడినవారు సుమారు 1.3 కోట్లు. సుమారు 72 లక్షల మందికి ఈ అలవాటు విషయంలో సాయం అవసరమని సర్వే పేర్కొంది.

ఇతర దేశాల పోకడ

ఉరుగ్వే 2013లో, కెనడా 2018 అక్టోబరు 17 నుంచి పెద్దల వాడకాన్ని చట్టబద్ధం చేశాయి. జర్మనీ 2024 ఏప్రిల్ 1 నుంచి బహిరంగ ప్రదేశాల్లో 25 గ్రాముల వరకు కలిగి ఉండేందుకు పెద్దలకు అనుమతిచ్చింది. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో ఆంక్షలు తొలగించి, వీధివీధినా దుకాణాలు వెలిశాక 2025 జూన్‌లో వైద్యుల చీటీ ఉంటేనే అమ్మాలని వెనక్కి తగ్గింది. సింగపూర్‌లో 500 గ్రాములకు మించి గంజాయి అక్రమ రవాణా చేస్తే మరణశిక్ష అమల్లో ఉంది. గల్ఫ్ దేశాల్లోనూ చట్టాలు కఠినమే. విహారానికో ఉపాధికో వెళ్లే తెలుగువారు ఒక దేశపు నియమం మరో దేశంలో చెల్లదని గ్రహించాలి.

చికిత్సకు దారి ఉంది

ఎన్‌డీపీఎస్ చట్టంలో శిక్షల సెక్షన్లకు వచ్చినంత ప్రచారం 64-ఎ సెక్షన్‌కు రాలేదు. మత్తుకు బానిసై, సేవించిన నేరం లేదా స్వల్ప పరిమాణం కేసు ఎదుర్కొంటున్న వ్యక్తి స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటే అతడిపై విచారణ జరపరాదని ఈ సెక్షన్ చెబుతోంది. చికిత్స మధ్యలో మానేస్తే ఈ రక్షణ రద్దవుతుంది. శిక్షకు బదులు చికిత్సకు పంపే అధికారం 39వ సెక్షన్ కింద న్యాయస్థానానికీ ఉంది.

ఈ వెసులుబాటును వాడుకోవడానికి అడ్డుపడుతున్నది చట్టం కాదు, పరువు. గదిలో గంజాయి వాసన వస్తే వసతిగృహ నిర్వాహకుడు కుర్రవాడిని రాత్రికి రాత్రి ఖాళీ చేయించి చేతులు దులుపుకొంటాడు. ఇంట్లో తెలిస్తే బంధువుల చెవిన పడకూడదని తల్లిదండ్రులు దాస్తారు. పెళ్లి చేస్తే దారికొస్తాడని సర్దిచెప్పుకొంటారు. అటు పోలీసులకూ, ఇటు వైద్యులకూ చేరని ఆ కుర్రవాడు తిరిగి చేరేది విక్రేత చెంతకే. ఏళ్లు గడిచాక కేసు నమోదైనప్పుడు స్వల్ప పరిమాణం దాటిపోతే 64-ఎ రక్షణా దక్కదు.

గంజాయి మానినవారిలో తొలి ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం మొదలై రెండు వారాల వరకు ఉండవచ్చు. దీనికి ప్రత్యేక మందంటూ లేదు. మనోవైద్యుల సలహాలు, కుటుంబం తోడు, పాత స్నేహాలకు దూరం కావడమే ప్రధాన చికిత్స. మూత్ర పరీక్షలో ఆనవాళ్లు అప్పుడప్పుడూ వాడేవారిలో కొన్ని రోజులు, నిత్యం వాడేవారిలో కొన్ని వారాల వరకు కనిపిస్తాయి. నగరంలో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో వైద్యం లభిస్తుంది.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సినవి

* కిలో లోపు గంజాయి ఉన్నా, కేవలం సేవించినా నేరమే.
* హాష్ ఆయిల్‌కు గంజాయి తూకాలు వర్తించవు. 100 గ్రాములు దాటితే మధ్యస్థ పరిమాణం, కిలో దాటితే వాణిజ్య పరిమాణం.
* పరిచయస్థుల సంచులు, పార్సిళ్లు లోపలేముందో తెలియకుండా మోయవద్దని పిల్లలకు చెప్పాలి.
* ఒంటిపై సోదా వేళ గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటును కోరే హక్కు ఉంది.
* అలవాటుపడిన బిడ్డను దాచడం కంటే తొలిదశలోనే ఆసుపత్రికి తీసుకెళ్లడం మేలు. స్వచ్ఛంద చికిత్సకు చట్టం అండ ఉంది.
* వ్యసన విముక్తి సలహాలకు జాతీయ సహాయవాణి 14446. విక్రేతల సమాచారం ఇచ్చేందుకు జాతీయ సహాయవాణి 1933, తెలంగాణలో 1908, ఆంధ్రప్రదేశ్‌లో 1972.